ఎంతమందిలో ఒకరు?

రెండు మూడేళ్లకోసారి అమీర్‌పేటలో ఒక కొత్త జ్వరం పేరు వినిపిస్తుంది. ఒకసారి హెచ్1ఎన్1, ఇంకోసారి హెచ్3ఎన్2, మొన్నటికి మొన్న హెచ్5ఎన్1. పొద్దున టీవీ స్క్రోలింగ్‌లో కనిపించిన పేరు మధ్యాహ్నానికి హాస్టల్ మెస్సులో చర్చ అవుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఊరి నుంచి ఫోను. "అక్కడేదో కొత్త జ్వరమంట కదా నాన్నా, వచ్చెయ్ రాదూ" అంటుంది అమ్మ. "ఏం కాదులేమ్మా, ఇక్కడంతా బాగానే ఉంది" అంటారు మీరు. ఆ మాట అనేటప్పుడే పక్క మంచం మీద రూమ్మేట్ దగ్గుతుంటాడు. అమ్మకు ప్రమాదం ఎంతో తెలియదు. మీకూ తెలియదు. ఆవిడ భయపడింది, మీరు ధైర్యం చెప్పారు. ఇద్దరిలో ఎవరూ లెక్క చూడలేదు.

ఆ లెక్క ఎలా చూడాలో చెప్పడమే ఈ అధ్యాయం పని. కొత్త వైరస్ వచ్చినప్పుడల్లా అధికారులు చెప్పే మాట ఒకటుంది: భయపడవద్దు, అప్రమత్తంగా ఉండండి. ఆ మాట తప్పు కాదు గానీ సగమే. ఏ లక్షణం కనిపిస్తే భయపడాలో, ఏది కనిపిస్తే అక్కర్లేదో గీత గీసి చూపించనంతవరకు దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. గీత లేనప్పుడు కొందరు ప్రతి తుమ్ముకూ వణికిపోతారు. మరికొందరు ఆయాసం వస్తున్నా "వైరల్ ఫీవరే కదా" అని మూడు రోజులు మంచం మీద పడుకుంటారు. మొదటివాళ్లు డబ్బు, నిద్ర పోగొట్టుకుంటారు. రెండోవాళ్లు కొన్నిసార్లు ప్రాణమే పోగొట్టుకుంటారు.

మొదటి కేసు మన పక్కనే

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి మియాపూర్ వైపు వెళ్తే మూడో స్టేషన్ ఎర్రగడ్డ. అక్కడి ఛాతీ ఆసుపత్రికి మన దేశపు వైద్య చరిత్రలో ఒక తేదీ ఉంది. 2009 మే 13న న్యూయార్క్ నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగిన 23 ఏళ్ల ప్రయాణికుడిని జ్వరంతో అక్కడ చేర్చారు. మే 16న పరీక్ష ఫలితం వచ్చింది. భారతదేశంలో నిర్ధారణ అయిన మొట్టమొదటి హెచ్1ఎన్1 కేసు అదే. అప్పటి స్వైన్ ఫ్లూ. ఆ యువకుడు కోలుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

కానీ ఆ వారంలో నగరానికి ఏం తెలుసో ఒకసారి గుర్తు చేసుకోండి. మెక్సికోలో జనం చనిపోతున్నారు. కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లల్లో బయటపడిన ఈ వైరస్‌లో పంది, పక్షి, మనిషి ఫ్లూల జన్యువులు కలిసి ఉన్నాయి. ఇంతకు ముందు ఎవరూ చూడని కలయిక. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. ఆగస్టు 3న పుణేలో 14 ఏళ్ల బాలిక చనిపోయింది, దేశంలో అది మొదటి మరణం. ఆ తర్వాత వారం పది రోజులు మాస్కులు దొరకలేదు. ఇన్ని తెలిసినా తెలియనిది ఒక్కటే: జబ్బు పడినవాళ్లు మొత్తం ఎంతమంది? మెక్సికోలో లెక్కకు వచ్చినవాళ్లు ఆసుపత్రికి వచ్చినవాళ్లు. ఇంట్లో రెండు రోజులు మూలిగి, మిరియాల కషాయం తాగి, మూడో రోజు పనిలోకి వెళ్లిపోయినవాడు ఏ పట్టికలోనూ లేడు.

ఈ సంగతి అమీర్‌పేటలో ఉండేవాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్ల గోడల నిండా ఫోటోలే. మా దగ్గర చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు అంటూ నవ్వు ముఖాలు, కింద కంపెనీల పేర్లు. డబ్బు కట్టే ముందు తెలివైన విద్యార్థి ఒక్క ప్రశ్న అడుగుతాడు: "మొత్తం ఎంతమంది చేరారు సార్?" గోడ మీద వందమంది ఉంటే, చేరింది నూటఇరవై మందా, పదివేల మందా అన్నదాన్ని బట్టి ఆ వందకు అర్థం మారిపోతుంది. కొత్త జ్వరం వార్త చదివేటప్పుడు వేయాల్సిన ప్రశ్నా అదే. చనిపోయినవాళ్ల సంఖ్య చెబుతున్నారు సరే, ఎంతమందిలో?

ఈ ప్రశ్నకు 2009 ఇచ్చిన జవాబు రెండు వైపులా కోసింది. రోగి వైపు నుంచి చూస్తే, మొదట భయపడినంత ప్రాణాంతకం కాదని తేలింది. సోకినవాళ్లలో అత్యధికులు మామూలు ఫ్లూలాగే పడి లేచారు. ప్రపంచం వైపు నుంచి చూస్తే మాత్రం, అనుకున్నదానికంటే ఎక్కువమందే పోయారు. ప్రయోగశాలలో నిర్ధారణ అయిన మరణాలు 18 వేల పైచిలుకు. 2012లో ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనం మొదటి ఏడాది మరణాలను సుమారు 2.84 లక్షలుగా అంచనా వేసింది. అది లక్షన్నర నుంచి ఐదు లక్షల డెబ్బై అయిదు వేల దాకా ఎంతైనా ఉండొచ్చని కూడా చెప్పింది. పరీక్ష చేయకుండానే పోయినవాళ్లు అంతమంది.

"ఏం లేదు, ఉత్త హడావిడి" అన్నవాళ్లూ తప్పే, "అందరం పోతాం" అన్నవాళ్లూ తప్పే. ఒక్కొక్కరికి ఉన్న ముప్పు చిన్నది. కానీ ఆ చిన్న ముప్పును కోట్లమందితో హెచ్చిస్తే లక్షల ఇళ్లలో ఏడుపు. నాకు ఎంత ప్రమాదం, ఊరికి ఎంత ప్రమాదం అన్నవి వేరు వేరు ప్రశ్నలు. వాటిని కలిపేస్తే బుర్ర తిరుగుతుంది. విడదీస్తే దేనికేం చేయాలో తెలుస్తుంది.

నూటికి ఏడుగురు?

2015 జనవరి, ఫిబ్రవరి నెలలు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు బాగా గుర్తుండాలి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి ఏడాది కూడా కాలేదు. చలి గట్టిగా ఉంది, గాంధీ ఆసుపత్రిలో స్వైన్ ఫ్లూ వార్డు నిండిపోయింది. కేంద్రం నుంచి నిపుణుల బృందం వచ్చింది. విమర్శల నడుమ జనవరి 25న ఉపముఖ్యమంత్రి, ఆరోగ్యశాఖ మంత్రి తాటికొండ రాజయ్య పదవి పోయింది. ఒక జ్వరం మంత్రివర్గం దాకా వెళ్లిందంటే జనం మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగిన బైకుల మీద సగం ముఖాలకు గుడ్డలు, కర్చీఫులు.

ఆ ఏడాది దేశం మొత్తం మీద 42,592 కేసులు, 2,990 మరణాలు నమోదయ్యాయి. భాగహారం చేస్తే నూటికి ఏడు. నూటికి ఏడుగురు చనిపోయే జబ్బు నగరంలో తిరుగుతోందంటే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. ఇప్పుడు మన ప్రశ్న వేద్దాం. ఈ 42,592 మంది ఎవరు?

జవాబు కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లోనే ఉంది. ఫ్లూ లక్షణాలతో వచ్చినవాళ్లను అందులో ఎ, బి, సి అని మూడు తరగతులుగా విడదీశారు. కాస్త జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు ఉన్నవాళ్లు ఎ తరగతి: పరీక్ష అక్కర్లేదు, ఇంట్లో ఉండాలి, ఒకటి రెండు రోజుల్లో డాక్టరు మళ్లీ చూడాలి. జ్వరం తీవ్రంగా ఉన్నా, ముప్పు ఎక్కువ ఉన్న మనిషైనా బి తరగతి: ఇంట్లోనే విడిగా ఉంచాలి, మందు ఇవ్వొచ్చు, పరీక్ష మాత్రం అక్కర్లేదు. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, బీపీ పడిపోవడం, కఫంలో రక్తం, గోళ్లు నీలంగా మారడం, చిన్నపిల్లలైతే పాలు, తిండి మానేయడం: ఇది సి తరగతి. వెంటనే ఆసుపత్రి, వెంటనే పరీక్ష.

పరీక్షలు ప్రధానంగా సి తరగతికే చేశాక, లెక్కలోకి వచ్చేది ఎక్కువగా బాగా జబ్బు పడినవాళ్లే. నూటికి ఏడు అన్నది ఆసుపత్రి దాకా వెళ్లాల్సి వచ్చినవాళ్లలో లెక్క. మీ బ్యాచ్‌లో తుమ్మిన ప్రతివాడి లెక్క కాదు. సి తరగతికే పరీక్ష అన్న నియమం సరైనదే. ఉన్న కిట్లు, ఉన్న మంచాలు అవసరమైనవాళ్లకు అందాలి. దాని ఫలితంగా అంకె పెద్దదిగా కనిపిస్తుందని జనానికి విడమరిచి చెప్పకపోవడమే లోపం. ఈ బాధ్యత పత్రికలదీ, ప్రభుత్వానిదీ. 2015లో ఇద్దరూ దాన్ని సరిగా నెరవేర్చలేదని నా అభిప్రాయం.

అదే ఏడాది మార్చిలో ఇంకో భయం తోడైంది. వైరస్ రూపం మార్చుకుందని, 2009 నాటిది కాదని, మరింత ప్రమాదకరమైందని. దాని వెనక అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తల పరిశోధన పత్రం ఒకటి ఉంది. పేరున్న సంస్థ, పేరున్న శాస్త్రవేత్తలు. అయితే వాళ్లకు దొరికిన ఆధారం ఎంత? అంతకుముందు రెండేళ్లలో భారతదేశం నుంచి అందరికీ అందుబాటులో పెట్టిన జన్యుక్రమాలు రెండంటే రెండు. వాటిలో కనిపించిన మార్పులను బట్టి నిఘా పెంచాలన్నారు. మన ఆరోగ్యశాఖ, పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ వైరస్‌లో అలాంటి ప్రమాదకరమైన మార్పు లేదన్నాయి. శాస్త్రవేత్తలు నిఘా పెంచమనడం తప్పు కాదు, అది వాళ్ల పని. "కావచ్చు" అన్న ఆ మాట మన దాకా వచ్చేసరికి "అయిపోయింది"గా మారింది. కొత్త రకం అన్న మాట వినగానే ఎన్ని నమూనాలు చూసి చెబుతున్నారో అడగడం అలవాటు చేసుకోండి. రెండా, రెండు వేలా?

చంపడం వేరు, పాకడం వేరు

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు గుట్టలుగా చచ్చిపోయాయి. బర్డ్ ఫ్లూ, అంటే హెచ్5ఎన్1. హైదరాబాద్‌లో చికెన్ షాపులు వెలవెలబోయాయి. బిర్యానీ సెంటర్లు మటన్ వైపు మళ్లాయి. మార్చి 16న నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పుణే ప్రయోగశాల హెచ్5ఎన్1 అని తేల్చింది. కోడిని కోసేటప్పుడు పాప పచ్చి మాంసం ముక్క నోట్లో పెట్టుకుందని కుటుంబం చెప్పింది.

ఆ పాప మరణం ఏ తల్లిదండ్రులకైనా గుండె పిండేదే. ఆ వార్త తర్వాత భయపడినవాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. పైగా 2003 నుంచి ప్రపంచంలో నిర్ధారణ అయిన హెచ్5ఎన్1 రోగుల్లో దాదాపు సగం మంది చనిపోయారు. సగం! స్వైన్ ఫ్లూ దీని ముందు లెక్కలోకే రాదు. అయినా ఇరవై ఏళ్లకు పైగా లెక్కేస్తే ప్రపంచమంతా కలిపి ఆ రోగులు వెయ్యికి అటూఇటూ. ఎందుకంటే ఈ వైరస్ కోడి నుంచి మనిషికి కష్టం మీద వస్తుంది, మనిషి నుంచి మనిషికి గొలుసుకట్టుగా పాకడం ఇంకా నేర్చుకోలేదు.

సోకితే ఎంత తీవ్రం? ఎంత తేలిగ్గా పాకుతుంది? ఈ రెండూ విడివిడిగా అడగాలి. బాగా పాకేది, అంతగా చంపనిది హెచ్1ఎన్1. బాగా చంపేది, పాకలేనిది హెచ్5ఎన్1. శాస్త్రవేత్తలు ప్రతి కోళ్ల ఫారం మీదా కన్నేసి ఉంచేది ఈ రెండు గుణాలూ ఎప్పుడైనా ఒకేచోట చేరతాయేమోనని. ఆ భయం నిజమైనదే. కానీ అది వాళ్లు మోయాల్సిన భయం. మీ వంతు మాంసాన్ని బాగా ఉడికించి తినడం, పచ్చి మాంసం ముట్టుకున్న చేతులు, కత్తి, చెక్క కడగడం, చచ్చిన పక్షిని తాకకపోవడం. 70 డిగ్రీలు దాటి ఉడికిన మాంసంలో ఈ వైరస్ బతకదు. మన కూర ఉడికేది అంతకంటే ఎక్కువ వేడిలోనే.

ముగ్గురున్న గదిలో ఒకరికి జ్వరం

ఇప్పుడు అసలు పరీక్ష. ఎస్.ఆర్. నగర్ సందులో మూడు మంచాల గది. ఒక కిటికీ, అదీ పక్క బిల్డింగ్ గోడ వైపు. ఆరిందో లేదో తెలియని బట్టలు తాడు మీద. మీ రూమ్మేట్‌కు సాయంత్రం క్లాసులోనే చలి మొదలైంది. రాత్రికి 102. ఒళ్లంతా సుత్తితో కొట్టినట్టుందంటున్నాడు. టీవీలో వారం నుంచి కొత్త ఫ్లూ వార్తలు. ఏం చేస్తారు?

మొదట కిటికీ తెరవండి. తలుపు కూడా. గాలి ఆడని గదిలో ఒకరి దగ్గు ముగ్గురికీ పంపిణీ అవుతుంది. అతని మంచం కిటికీ పక్కకు జరపండి, మీ మంచాల మధ్య వీలైనంత ఎడం పెట్టండి, గదిలో ఉన్నంతసేపు అందరూ మాస్కు పెట్టుకోండి. నీళ్ల బాటిల్, టవల్, దుప్పటి ఎవరివి వాళ్లవే. జ్వరం దిగడానికి పారాసెటమాల్ చాలు, మాత్రకూ మాత్రకూ మధ్య ఆరు గంటల ఎడం ఉండాలి. నీళ్లు, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు, ఏది దిగితే అది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అయితే ఇంకో జాగ్రత్త: ఆ నెలల్లో మన నగరంలో డెంగీ కూడా ఉంటుంది కాబట్టి ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రల జోలికి పోవద్దు. జ్వరం మూడో రోజుకూ దిగకపోతే రక్తపరీక్ష చేయించాలి. అన్ని జ్వరాలూ టీవీలో చెప్పిన జ్వరమే కానక్కర్లేదు.

మెడికల్ షాపుకు వెళ్లి "జ్వరానికి ఏదైనా ఇవ్వండన్నా" అనొద్దు. అలా అడిగితే చేతికొచ్చేది మూడు నాలుగు రకాల మాత్రలు కట్టిన పొట్లం, అందులో ఒక యాంటీబయాటిక్ తప్పకుండా ఉంటుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 భయం రేగినప్పుడు భారత వైద్య సంఘం ఈ ఒక్క విషయం చెప్పడానికే ప్రకటన ఇచ్చింది: జ్వరం మూడు రోజుల్లో తగ్గుతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, అజిత్రోమైసిన్, అమోక్సిసిలిన్ మింగడం ఆపండి అని. దగ్గు రెండో వారంలోకి వచ్చిందని కంగారుపడి మందు మార్చేవాళ్లు ఈ మూడు వారాల మాట గుర్తుంచుకోవాలి.

ఫ్లూకు నిజమైన మందు ఒకటుంది, ఒసెల్టామివిర్. టామిఫ్లూ అన్న పేరుతో ప్రపంచానికి తెలిసింది. మన సనత్‌నగర్‌లో కార్యాలయమున్న హెటిరో సంస్థ రోష్ కంపెనీ నుంచి 2005లోనే అనుమతి తీసుకుని ఫ్లూవిర్ పేరుతో తయారుచేస్తోంది. కాబట్టి మందు దొరకదేమో అన్న భయం అక్కర్లేదు. కానీ అది డాక్టరు చీటీ మీద వాడాల్సిన మందు, లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ముందుజాగ్రత్తగా కొని సంచిలో దాచుకునే మందు కాదు. ఎవరికి అవసరమో వాళ్ల దగ్గరకు తొందరగా చేరాల్సిన మందు.

ఎవరికి అవసరం? గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, అరవై అయిదు దాటినవాళ్లు, షుగరు, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడేవాళ్లు. వీళ్లకు జ్వరం వస్తే రెండో రోజు దాకా ఆగకూడదు, మొదటి రోజే డాక్టరును కలవాలి. మీ రూమ్మేట్‌కు ఆస్తమా ఉందో లేదో మీకు తెలుసా? ఆరు నెలలుగా ఒకే గదిలో ఉంటూ ఈ సంగతి అడగనివాళ్లు చాలామంది. ఈ రాత్రే అడగండి.

అలాగని వయసులో ఉన్నాం కదా మాకేమీ కాదు అనుకోవద్దు. 2009 మహమ్మారి మరణాల్లో దాదాపు ఎనభై శాతం 65 ఏళ్లలోపు వాళ్లవే అని ఇందాక చెప్పిన అధ్యయనమే అంచనా వేసింది. పాత ఫ్లూలు ముసలివాళ్లను ఎంచుకుంటే, కొత్తది కొన్నిసార్లు కుర్రవాళ్లను ఎంచుకుంటుంది.

అందుకే గీత ముఖ్యం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక ఆలోచన లేదు, 108కి ఫోన్ చేయాలి: మాట పూర్తిచేయలేనంత ఆయాసం, ఛాతీలో నొప్పి, మగతగా ఉండి పిలిస్తే సరిగా పలకకపోవడం, పెదవులు, గోళ్లు నీలంగా మారడం, కఫంలో రక్తం, రోజంతా మూత్రం రాకపోవడం. వేలికి పెట్టే ఆక్సీమీటరులో అంకె 94 కంటే తక్కువకు వచ్చి అక్కడే ఉంటే అదీ ఈ జాబితాలోదే. గోళ్లకు రంగు, చేతులు చల్లగా ఉంటే అంకె తప్పు చూపిస్తుంది కాబట్టి, రంగు తీసి, చేతులు రుద్ది, ఒక నిమిషం కదలకుండా ఉంచి చూడాలి. ఇంకొక గుర్తు ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. జ్వరం తగ్గి, మనిషి లేచి తిరిగి, ఒకటి రెండు రోజుల తర్వాత జ్వరం, దగ్గు మళ్లీ మరింత గట్టిగా తిరగబెట్టడం. ఫ్లూ వెనకాలే న్యుమోనియా వచ్చిందన్నమాట. అప్పుడు "మళ్లీ అదే జ్వరం" అని పాత మాత్రలు మింగి పడుకుంటే ప్రమాదం.

ఇవేమీ లేకుండా జ్వరం, దగ్గు, నొప్పులు మాత్రమే ఉంటే అతను ఎ తరగతి, జ్వరం తీవ్రంగా ఉంటే బి. వైరస్ పేరు ఏదైనా చేయాల్సింది మారదు. ఈ వాక్యం రెండోసారి చదవండి. రాత్రి పూట ఏ రకం వైరసో అని ఫోనులో వెతుకుతూ కూర్చోవడం కంటే, అతను నిద్రలో ఊపిరి ఎలా తీసుకుంటున్నాడో రెండుసార్లు లేచి చూడటం మీ స్నేహితుడికి ఉపయోగపడుతుంది. పరీక్ష కావాలో వద్దో డాక్టరు చెబుతారు.

ఊరికి బస్సెక్కే ముందు

కరోనా వల్ల 2020 మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. మర్నాడు పొద్దున అమీర్‌పేట, పంజాగుట్ట, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో చాలాచోట్ల ఖాళీ చేయమన్నారు. సంచులు భుజాన వేసుకుని వేల మంది పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం వరుస కట్టారు. దూరం దూరంగా ఉండండని ప్రభుత్వం చెబుతున్న రోజునే ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని నిలబడ్డారు. పత్రాలు పట్టుకుని బయలుదేరినవాళ్లను జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. గంటల తరబడి రోడ్డు మీదే. సాయంత్రానికి హాస్టళ్లు ఖాళీ చేయించవద్దని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది.

ఆ పిల్లలది తప్పు అని నేను అనను. వండిపెట్టేవాళ్లు లేక, ఉండమనేవాళ్లు లేక వెళ్లారు. తప్పు ముందే ఆలోచించి పెట్టుకోని పెద్దలది. ఇంకో మహమ్మారి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆ రోజు పొద్దున నిర్ణయం తీసుకోవడం కష్టం. ఇప్పుడు, ఏ భయమూ లేని రోజున, తీసుకోవాలి.

ఫ్లూ సోకినవాడు లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచి, ఆ తర్వాత అయిదు నుంచి ఏడు రోజుల దాకా ఇతరులకు అంటించగలడు. కాబట్టి జ్వరం ఉండగా ట్రావెల్స్ బస్సులో ఏసీ స్లీపర్ ఎక్కి ఒంగోలో, ఖమ్మమో వెళ్లడమంటే, రాత్రంతా ముప్పై మందికి పంచి, తెల్లవారి నాయనమ్మ పక్కన కూర్చోవడం. మీకు మూడు రోజుల్లో తగ్గేది ఆవిడకు తగ్గకపోవచ్చు. జ్వరం దిగి, మాత్ర లేకుండా ఒక రోజు పూర్తిగా గడిచేదాకా గది దాటొద్దు. అమ్మతో ఫోనులో చెప్పాల్సిన మాట "ఏం కాదులే" కాదు. ఇలా చెప్పండి: "అమ్మా, జ్వరం 101 ఉంది, ఆయాసం లేదు, అన్నం కొంచెం తిన్నాను, రేపు తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్తాను, రాత్రి పదింటికి మళ్లీ చేస్తాను." దాచకుండా చెప్పిన నాలుగు వివరాలు విన్న తల్లి నిద్రపోతుంది. ఏం కాదన్న మాట విన్న తల్లి నిద్రపోదు.

హాస్టల్ నడిపే అన్నలకు, అక్కలకు కూడా ఒక విన్నపం. ఒక్క గది, కిటికీ ఉన్నది, జ్వరం వచ్చినవాళ్ల కోసం అట్టిపెట్టండి. భోజనం గుమ్మం దగ్గర పెట్టండి. జ్వరం వచ్చిన పిల్లను సంచీతో రోడ్డు మీదకు పంపితే జబ్బు మీ బిల్డింగ్‌లోంచి పోదు. దాచిపెట్టడం మొదలవుతుంది. దగ్గును దిండులో అణచుకునే పిల్లలున్న హాస్టల్లో అందరికీ సోకుతుంది.

వార్తకు వేళ

భయం ఉన్న రోజుల్లో గంటకోసారి ఫోను చూసే అలవాటు మానడానికి గట్టి సంకల్పం ఒక్కటే చాలదు. దాని స్థానంలో వేరే పని ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వార్త చూడండి. చూసినప్పుడు ఈ అధ్యాయంలోని ప్రశ్నలు దానికి వేయండి. చనిపోయింది ఎంతమందిలో? ఎవరికి పరీక్ష చేశారు? మనిషి నుంచి మనిషికి పాకుతోందా? ఏ వయసువాళ్లు ఎక్కువగా ఆసుపత్రిలో చేరుతున్నారు? వీటిలో ఒక్కదానికైనా జవాబున్న వార్త చదవదగ్గది. ఒక్కదానికీ లేని దాన్ని గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి, ముఖ్యంగా కుటుంబం గ్రూపులో.

టీకా సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి టీకా ప్రతి ఏడాదీ తీసుకోవాలి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. 2009లో ప్రపంచాన్ని వణికించిన హెచ్1ఎన్1 ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూలలో ఒకటి, దానికి రక్షణ ఆ టీకాలోనే ఉంది. మనకు ఫ్లూ చలికాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి పెరుగుతుంది. ఇంట్లో షుగరున్న నాన్నో, ఆస్తమా ఉన్న చెల్లో ఉంటే వానలు మొదలవకముందే డాక్టరును అడిగి వేయించండి. మీ మొదటి జీతంలోంచి చేయదగ్గ ఖర్చు ఇది.

ఇక ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక చిన్న పని చేయండి. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో ఇవి రాయండి: ఆయాసం, ఛాతీనొప్పి, మగత, నీలం పెదవులు, కఫంలో రక్తం, మూత్రం ఆగడం, ఆక్సిజన్ 94 కంటే తక్కువ, తగ్గి తిరగబెట్టిన జ్వరం. కింద 108, ఆరోగ్య సలహాకు 104, దగ్గర్లోని ఆసుపత్రి పేరు, గదిలో ముగ్గురి ఇళ్ల ఫోను నంబర్లు, ఎవరికైనా ఆస్తమా, షుగరు ఉంటే అది. తలుపు వెనక అంటించండి. ఒక థర్మామీటరు, ఒక పారాసెటమాల్ షీటు, అయిదారు మాస్కులు గదిలో ఉంచండి. ముగ్గురూ కలిసి కొంటే ఒక సినిమా టికెట్ ఖర్చు కంటే ఎక్కువ కాదు. ఈ ఆదివారమే చేయండి.